గొల్లపల్లి భీమే మగమనిషి అయిన సంగతి

ఆరోగ్య బీమా ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు మా ఇంటికొచ్చి కూర్చుంటే మొదట అడిగేది ఒకటే. "మేడమ్, టార్గెట్ ఎట్ల కొట్టాలి?" దానికి నా దగ్గర జవాబు ఉంది గానీ చెప్పను. టార్గెట్ కొట్టడం కంపెనీయే నేర్పిస్తుంది, చాయ్ బిస్కెట్లు పెట్టి మరీ నేర్పిస్తుంది. కంపెనీ నేర్పించనిది రాద్దామని కూర్చున్నాను. నా మాట కాస్త కటువు. ఉద్యోగంలో ఉన్నప్పుడే మార్చుకోలేదు, రిటైరయ్యాక ఏం మార్చుకుంటాను.

పుట్టింది తెలుగు నేల సరిహద్దు దాటగానే వచ్చే కోంటలో. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతకు పోతే దోర్లి, జగదల్‌పూర్ బస్సెక్కితే హల్బీ. ఇన్ని భాషలు వచ్చునని నన్ను సుక్మాలో వేశారు. ఆఫీసంటే ఒక గది, ఒక ఫ్యాను, నేను. కోంట పల్లెల నుంచి పక్క జిల్లాలో ఉన్న కిరందుల్, బచేలీ గని టౌన్‌షిప్‌ల దాకా అంతా నా ఏరియానే. పాలసీలు అమ్మడం, రెన్యువల్ చేయించడం, క్లెయిము వస్తే ఆసుపత్రికి పోయి చూడటం నా పని. పల్లెల్లో నా అసలు పేరు ఎవరికీ తెలియదు. బీమా అక్క అనేవాళ్లు.

పైడిరాజు గారి ప్రశ్న

కిరందుల్‌లో పైడిరాజు గారని ఉన్నారు. శ్రీకాకుళం వైపు మనిషి. గనిలో కాంట్రాక్టరు కింద మెకానిక్‌గా చేసి, ఆ ఎర్రదుమ్ములోనే ముసలివాడైపోయాడు. పర్మనెంటు వాళ్లకుండే వైద్యం ఆయనకు లేదు. అందుకని సొంతంగా ఆరోగ్య పాలసీ కట్టుకునేవాడు. షుగర్ ఉంది, దాన్ని దాచకుండా ఫారంలో రాసిన అమాయకుడు కూడా.

ఒకసారి పైనుంచి రూలు మారింది. ముందే ఉన్న జబ్బులకు ఇన్నేళ్లు ఆగాలి అనే గడువు తగ్గించారు. పెద్ద వయసు వాళ్లకు పాలసీ ఇవ్వం అనడానికి వీల్లేదన్నారు. రెండూ మంచివే, ఎవరో ఒకరు ఎప్పుడో చేయాల్సినవే. ఆ తర్వాతి రెన్యువల్‌కు ఆయన ప్రీమియం పెరిగింది.

"ఏంటమ్మా ఇది? మాకు మంచి చేసేమని పేపర్లో ఏసేరు కదా. మంచి చేస్తే రేటు పెరుగుద్దేటి?" అన్నాడు.

"మంచికీ ఖర్చుంటుంది పైడిరాజు గారూ. ఎక్కువ మందికి, ఎక్కువ జబ్బులకు ఇవ్వాలంటే కంపెనీకి ఖర్చు పెరుగుతుంది. అందుకని ప్రీమియం పెరుగుతుంది."

అది నేను నేర్చుకున్న పాఠమే, అబద్ధం కూడా కాదు. మీకూ అదే నేర్పిస్తారు. ఆయన, "మరి నా క్లెయిము ఇవ్వకుండా కొట్టేసిన ఏడాది రేటు తగ్గిందా?" అన్నాడు.

నేను రిటైరయ్యాక కూడా ఆయన ఫోన్ చేస్తూనే ఉన్నాడు. సొంత పాలసీల మీద పన్ను ఎత్తేశారని వార్త వచ్చినప్పుడు చాలా సంతోషపడ్డాడు. రెన్యువల్ వచ్చేసరికి మూల ధర పైకి జరిగింది, పన్ను పోయిన సంతోషంలో సగం అది మింగేసింది. ఈసారి ఆయన ఏమీ అడగలేదు. "ఉంటానమ్మా" అని ఫోన్ పెట్టేశాడు. అడిగి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఖర్చు పెరిగితే ప్రీమియం పెరగాలి, ఒప్పుకుంటాను. మరి క్లెయిము ఇవ్వకుండా ఎగ్గొట్టిన సొమ్ము ఎటు పోతుంది? ఇది ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు. నాకు కోంట వైపు పల్లె గొల్లపల్లి వాళ్లు చెప్పారు.

మైకులో ఎవరిని పిలిచారు

పైడిరాజు గారు ఆ మాట అడగడానికి చాలా ఏళ్ల ముందు సంగతి ఇది, పేదలకు ఉచితంగా ఆరోగ్య బీమా అని పథకం వచ్చిన కొత్త రోజులవి. ఇంటివాళ్లు కట్టేది ఏమీ ఉండదు. కుటుంబానికి ఇంత అని ప్రీమియం సర్కారే కంపెనీకి కడుతుంది. ఎవరు తక్కువ ప్రీమియం చెబితే ఆ కంపెనీకి జిల్లా దక్కుతుంది. మా ఏరియా మా కంపెనీకే దక్కింది. ఆ రోజు నిజంగా సంబరపడ్డాను. అప్పుడు జగర్గుండా వైపు ఊళ్లకు పోవడానికి సరైన దారి కూడా లేదు. అలాంటి చోట జ్వరమొస్తే మంచం మీద మోసుకొచ్చే మనుషుల చేతికి ఒక కార్డు రాబోతోందని అనుకున్నాను.

ఇందులో ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. ప్రీమియం కుటుంబం లెక్కన. కార్డులో ఇంట్లో ఐదుగురు ఎక్కినా అంతే, ఒక్కరు ఎక్కినా అంతే. ఒక్కరే ఎక్కితే కంపెనీ ఆసుపత్రి ఖర్చు భరించాల్సింది ఆ ఒక్కరికే. వచ్చే డబ్బు మాత్రం మొత్తం కుటుంబానిది. ఇక ఎవరు ఎందుకు కష్టపడి ఐదుగురినీ ఎక్కిస్తారు?

కార్డులు తీసే పని రాయ్‌పూర్ నుంచి వచ్చిన ఒక ఏజెన్సీ వాళ్లది. గొల్లపల్లి సంతలో టేబుల్ వేసి, మైకు పెట్టి హిందీలో అరవడం మొదలుపెట్టారు. "బీమా కార్డ్ బనవా లో. బీమా కార్డ్." అంటే బీమా కార్డు చేయించుకోండి అని. నేను వేరే ఊరి పని ముగించుకుని చేరేసరికి లైను బాగానే ఉంది. ముందున్నతన్ని పేరడిగాను. భీమా అన్నాడు. వెనకాయన కూడా భీమా. ఆ వెనక ముసలాయనా భీమానే. లైన్లో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లుంటే వాళ్లంతా భీమేలు.

మా వైపు పేర్లు అట్లాగే ఉంటాయి. మగవాళ్లు జోగా, హిడమా, దేవా, భీమా. ఆడవాళ్లు జోగే, హిడమే, దేవే, భీమే. పైగా పల్లె నోళ్లలో ఒత్తులు నిలవవు, భీమా అన్నా బీమా అన్నా ఒకటే పలుకు. సర్కారు ఏదో కార్డు ఇస్తోంది, భీమా పేరున్నవాళ్లకు ఇస్తోంది, అంతే వాళ్లకు అర్థమైంది. సర్కారు చేసే పనులు ఎప్పుడు అర్థమయ్యాయి గనుక, ఇదీ అట్లాంటిదే అనుకున్నారు. భీమా కానివాళ్లు ఎవరి చింతపండు వాళ్లు అమ్ముకుంటున్నారు.

అక్కడ చింతపండు గంప ముందు కూర్చున్నతన్ని అడిగాను. "నువ్వెందుకు లైన్ల నిలబడలే?"

"నేనెందుకు అక్కా? నా పేరు జోగా గద. మా ఇంటిది భీమే, అది పోయింది." కొంచెం అసూయగానే అన్నాడు. "దానికి పేరు కలిసొచ్చింది."

ముందు నవ్వొచ్చింది, నిజం చెప్పాలి కదా. తర్వాత ఏజెన్సీ సూపర్‌వైజర్ దగ్గరికి పోయి, మైకు ఇట్లా ఇవ్వు, దోర్లిలో చెబుతాను, ఇంట్లో అందరినీ ఎక్కించాలి అన్నాను. అతను కుర్చీలోంచి కదల్లేదు.

"మేడమ్, ఇంటికి ఒక కార్డ్ అయిందా లేదా? అయింది. మాకు ఇచ్చేది కార్డుకే. ఒక్కో ఇంట్లో ఐదుగురికి ఫోటోలు, వేలిముద్రలు తీస్తూ కూర్చుంటే చీకటి పడుతుంది."

రాయ్‌పూర్‌లో మా మేనేజర్ సాబ్‌కు ఫోన్ చేశాను. ఆయన చాలా మెత్తగా మాట్లాడే మనిషి. నా సర్వీసులో నేను భయపడిందంతా మెత్తగా మాట్లాడే వాళ్లకే. "జనం తమంతట తాము రాకపోతే మనమేం చేస్తాం మేడమ్? మీరు లైనుకు అడ్డం పడకండి" అన్నాడు.

ఆ తప్పు వల్ల కంపెనీకి లాభం, ఏజెన్సీకి సుఖం. పైన కాగితాల్లో ఇన్ని కుటుంబాలకు బీమా అని సర్కారుకు సంతోషం. అందుకే ఎవరూ దిద్దలేదు. తెలియక చేసిన తప్పును పల్లెవాళ్ల మీదికి తోసి, తెలిసి చేసిన తప్పును మనం దాచుకున్నాం.

ఆ జోగా భార్య, మడకం భీమే, కార్డు పట్టుకుని లైన్లోంచి వచ్చింది. నన్ను చూసి, "నీ పేరేంది అక్కా?" అంది. బీమా అక్క అంటారని చెప్పాను.

"నువ్వు గూడనా!" అని నా చెయ్యి పట్టుకుంది. ఒకే పేరు దొరికిందని ఆమెకు ఎంత సంబరమో. గంపలోంచి దోసెడు చింతపండు తీసి నా సంచిలో వేసింది. మొగుడు చూస్తుంటే ఇంకో దోసెడు వేసింది.

మిషను ఒప్పుకున్న అబద్ధం

ఆ ఎండాకాలం పోయి వానలు మొదలయ్యాక మొగుడూ పెళ్లాం సుక్మాలో మా ఆఫీసుకు వచ్చారు. భీమే కడుపు ఎత్తుగా ఉంది. ఊళ్లో అందరూ నీళ్లోసుకుందని అనుకున్నారట, ఆమె కూడా అట్లాగే అనుకుంది. నెలలు దాటాయి, కాన్పు లేదు, నొప్పి మాత్రం ఉంది. సుక్మాలో డాక్టరమ్మ చూసి, బిడ్డ కాదు, గర్భసంచి పక్కన గడ్డ అన్నది. అది మెలిపడితే ప్రాణం మీదికి వస్తుంది, ఆలస్యం చేయకుండా జగదల్‌పూర్ తీసుకుపొమ్మంది.

జోగా ముఖంలో నెత్తురు లేదు. భీమే మాత్రం ధైర్యంగా ఉంది. కొంగు ముడి విప్పి కార్డు తీసి నాకు చూపించింది. "నా కార్డుంది గద."

నేను కూడా బస్సెక్కాను. జగదల్‌పూర్‌లో పథకం కింద ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోయాం. కౌంటర్లో అమ్మాయి మిషనులో కార్డు పెట్టింది, భీమే వేలు పెట్టించింది. పచ్చ లైటు వెలిగింది. వేలు కలిసింది, ఫోటో కలిసింది. అమ్మాయి తలెత్తి చుట్టూ చూసింది.

"పేషెంట్ ఎక్కడ?"

"ఈమే."

"ఇక్కడ మడకం భీమా, పురుషుడు అని వస్తోంది మేడమ్."

అప్పుడు అర్థమైంది నాకు. ఆ సంతలో పొద్దుటి నుంచి భీమా, పురుషుడు, భీమా, పురుషుడు అని కొట్టీ కొట్టీ, ఆ ఆపరేటర్ వేళ్లు దానికే అలవాటు పడ్డాయి. ఎదురుగా చీర కట్టుకుని నిలబడ్డ మనిషి ఫోటో తీస్తూ కూడా అదే కొట్టాడు. ఇప్పుడు మిషనులో మగవాళ్ల ఆపరేషన్లు మాత్రమే తెరుచుకుంటున్నాయి. గర్భసంచి, దాని పక్క గడ్డ, అవేవీ మగవాడికి ఉండవు కాబట్టి ఆ వరసే రావడం లేదు.

కౌంటర్ నుంచే సాబ్‌కు ఫోన్ చేశాను. ఆయన మెత్తగా విన్నాడు.

"వచ్చే ఏడాది కార్డుల క్యాంపులో సరిచేయించండి."

"వచ్చే ఏడాది దాకా ఈమె ఉండాలి కద సాబ్."

"రూలు ఒక్కరికోసం సడలిస్తే వందమంది వస్తారు. క్లెయిములు పెరిగితే వచ్చే టెండర్లో ప్రీమియం పెంచాలి. పెంచితే సర్కారు పథకాన్నే ఆపేస్తుంది. అప్పుడు నష్టపోయేది ఈ పేదలే కదా మేడమ్?"

వినండి ఆ తెలివి. పేదల మేలు కోసమే ఆ పేదరాలు చావాలట. నాకు ఒళ్లు మండిపోయింది. "ప్రీమియం తీసుకున్నప్పుడు ఆడా మగా చూసుకున్నామా సాబ్?" అని అడిగాను. సిగ్నల్ సరిగా లేదన్నాడు.

అక్కడి ఆసుపత్రి మేనేజర్ అంతా వింటున్నాడు. గొంతు తగ్గించి ఒక ఉపాయం చెప్పాడు. "హెర్నియా అని కొడితే మిషన్ తీసుకుంటది మేడమ్. అది మగవాళ్ల వరసలో ఉంది. డాక్టర్ చేసేది గడ్డ ఆపరేషనే. మీరు అభ్యంతరం పెట్టకపోతే చాలు."

అభ్యంతరం పెట్టడమే నా ఉద్యోగం. నన్ను అక్కడ కూర్చోబెట్టి జీతమిచ్చింది అందుకే. బెంచీ మీద భీమే కడుపు పట్టుకుని వంగి కూర్చుంది. జోగా ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, ఎందుకు పట్టుకున్నాడో అతనికే తెలియదు. "కొట్టండి" అని ఆసుపత్రి మేనేజర్‌కు చెప్పాను. దీనికి నేనేదో పశ్చాత్తాపపడతానని చూడకండి. ఇవాళైనా అదే అంటాను.

మిషను ఒక్క క్షణంలో ఒప్పుకుంది. నిజం చెబితే ఒప్పుకోనిది, అబద్ధం చెప్పగానే పచ్చగా వెలిగింది. ఆపరేషన్ అయింది, భీమే బతికింది. రెండో వైపు కూడా చిన్న గడ్డ ఉంది, ఏటేటా వచ్చి చూపించుకోవాలి అని డాక్టర్ గట్టిగా చెప్పాడు. ఆ మాట నేను దోర్లిలో ఇద్దరికీ మళ్లీ మళ్లీ చెప్పాను.

గాటు వెతుక్కుంటూ వచ్చిన జీపు

ఆ చలికాలం మా కంపెనీ మోసాలు పట్టే టీమును పంపింది. కార్డులు తీసేటప్పుడు గొల్లపల్లికి ఒక్క టేబులే వచ్చింది. మోసం పట్టడానికి మాత్రం జీపు నిండా మనుషులొచ్చారు. వాళ్లకు కావాల్సింది హెర్నియా ఆపరేషన్ అయిన మడకం భీమా, పురుషుడు.

ఆ ఊళ్లో భీమాలకు కొదవా? దొరికిన భీమానల్లా నిలబెట్టి, పంచె కిందికి జరిపి గాటు చూపించమన్నారట. ముసలి భీమాను కూడా వదల్లేదు. ఆ గోల విని భీమే బయటికి వచ్చింది. ఊళ్లో మగవాళ్ల పరువు పోతుంటే చూడలేక, "ఆపరేషన్ నాది. వాళ్లనెందుకు సతాయిస్తరు?" అని తానే చెప్పింది.

ఒకరి కార్డు మీద ఇంకొకరు వైద్యం చేయించుకున్నారు, మోసం, అని రాసుకుపోయారు. వేలిముద్ర ఆమెదే, ఫోటో ఆమెదే. అయినా మోసం ఆమెదే అయింది. కార్డు ఆపేశారు. కంపెనీ తీసుకున్న ప్రీమియం మాత్రం ఎవరూ వెనక్కి ఇవ్వలేదు. మోసం చేసిన కుటుంబం తరఫున వచ్చిన ప్రీమియం మటుకు శుభ్రమైనదేనన్నమాట.

రాయ్‌పూర్ మీటింగులో సాబ్ తెర మీద ఆ కేసు చూపించాడు. "ఇట్లాంటి లీకేజీలు ఆపడం వల్లే ప్రీమియం అదుపులో ఉంటుంది" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేను లేచి, "సాబ్, మన కార్డులో ఆడమనిషిని మగమనిషి అని రాసింది ఎవరు?" అని అడిగాను. లంచ్ తర్వాత మాట్లాడదామన్నాడు. లంచ్ తర్వాత నాకు మెమో ఇచ్చారు. ఆ మెమో సంగతి, దానివల్ల పోయిన ప్రమోషన్ సంగతి ఇక్కడ అనవసరం.

తర్వాతి టెండర్లో మా కంపెనీ ప్రీమియం పెంచే చెప్పింది. వైద్యం ఖర్చులు పెరిగాయి, మోసాలు పెరిగాయి, అందుకని పెంచాం అని కారణం రాసింది. ఆ మోసాల్లో మా భీమే ఒకటి. పైడిరాజు గారి ప్రశ్నకు జవాబు ఇదే. ఇచ్చినా పెంచుతారు, ఇచ్చింది సాకుగా. ఎగ్గొట్టినా పెంచుతారు, దానికి మోసం అని పేరు పెట్టి.

సంస్కరణలు వద్దని నేననను. సంస్కరణ వల్లనే జోగాకూ భీమేకూ ఆసుపత్రి మెట్లు తెలిశాయి. కానీ ఏ సంస్కరణ వచ్చినా మీరు ఒక్కటి చూడండి. డబ్బు తీసుకునే చోట మనిషిని ఎట్లా గుర్తుపడుతున్నారు, ఇచ్చే చోట ఎట్లా గుర్తుపడుతున్నారు? తీసుకునేటప్పుడు గంపగుత్తగా కుటుంబం చాలు. ఇచ్చేటప్పుడు ఒత్తు, దీర్ఘం కూడా కలవాలి. ఈ తేడా మీద బతికే కంపెనీలో మీరు జీతం తీసుకోబోతున్నారు. తీసుకోండి, తప్పులేదు. కళ్లు మాత్రం తెరుచుకుని తీసుకోండి.

ఇప్పుడు

పథకాలు మారాయి, కంపెనీలు మారాయి. ఇప్పుడు కార్డు ఇంటికి ఒకటి కాదు, మనిషికొకటి. ఇది మంచి మార్పు, ఒప్పుకోవాలి. ఈమధ్య గొల్లపల్లి సంతలో కొత్త కార్డుల టేబుల్ వేస్తున్నారని తెలిసి, ఊరికే ఉండలేక పోయాను. రోడ్డు బాగుపడింది. మైకు మాత్రం హిందీలోనే అరుస్తోంది. పథకానికి ఈసారి పెద్ద సంస్కృతం పేరు పెట్టారు.

భీమే చింతపండు అమ్ముతూ కనిపించింది. జుట్టు నెరిసింది. నన్ను చూడగానే గుర్తుపట్టి పక్కన కూర్చోబెట్టుకుంది. ఏటేటా చూపించుకోమన్నారు కదా, పోతున్నావా అని అడిగాను. కార్డు ఆపేసిన తర్వాత పోలేదంది. చెయ్యి కుడి డొక్క మీద, ఆ రెండో గడ్డ ఉన్న వైపు పెట్టుకునే ఉంది. నొప్పా అంటే, ఈమధ్య మళ్లీ మొదలైందంది.

"మరి లైన్ల నిలబడవేంది? కార్డులు ఇస్తున్నరు గద."

"ఎవరి పేరు పిలుస్తున్నరు అక్కా ఈపాలి?"

మైకులో వస్తున్న ఆ పేరు నేను మళ్లీ పలికి చెప్పాను. ఆమె కళ్లు మూసుకుని ఊరంతా ఇంటింటికీ మనసులో తిరిగొచ్చింది.

"ఆ పేరుగలోళ్లు మా ఊళ్ల ఎవరూ లేరక్కా. వేరే ఊరికి పొమ్మను."

నేను లేచి టేబుల్ దగ్గరికి పోయాను. ఈసారి ఎవరినీ అడగలేదు, ఎవరికీ ఫోన్ చేయలేదు. ఆపరేటర్ చేతిలోంచి మైకు లాక్కుని దోర్లిలో చెప్పాను. ఇది ఎవరి పేరూ కాదు, ఇది అందరికీ, ఇంట్లో పసిపిల్లతో సహా అందరూ రండి. అని, నాకు గుర్తున్న పేర్లన్నీ పిలిచాను. జోగా, హిడమా, దేవా, జోగే, హిడమే, దేవే. ఊపిరాడనంత సేపు పిలిచాను. చివర మడకం భీమే అని పిలిచి, ఆడమనిషి అని కూడా చెప్పాను. సంతలో జనం నవ్వారు, లేచి వచ్చారు.

భీమే వచ్చి కుర్చీలో కూర్చుంది. ఆపరేటర్ ఆమె గుర్తింపు కార్డు అడిగి తీసుకున్నాడు. అందులోని వివరాలు ఎప్పుడో ఆ పాత బీమా కార్డు చూసి రాసినవట, ఆ తర్వాత వచ్చిన కాగితాలన్నీ దాన్ని చూసే రాసుకుంటూ పోయారట. నంబరు కొట్టాడు, వేలు పెట్టించాడు. తెర వంక చూసి, ఆమె వంక చూసి, మళ్లీ తెర వంక చూశాడు.

"ఏమంటుంది అక్కా?" అంది భీమే.

"నువ్వు మగోనివి అంటుంది" అన్నాను.

ఆమె డొక్క మీది చెయ్యి తీయకుండానే నా వైపు చూసింది.

"ఇంకనా?"